రెండు కర్రల ఆట

1996 ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, శుక్రవారం. ఆ పూట పర్శరాములు తిన్నది రెండు సర్వపిండి ముక్కలు, ఇంత పచ్చిపులుసన్నం. నిర్మల్ నుంచి బస్సు దిగి కరీంనగర్‌లో ఇల్లు చేరేసరికి పొద్దున పదకొండు దాటింది. తల్లి యాదవ్వ గిన్నెకు అంటుకున్న మాడు అంచులు తన పళ్లెంలో వేసుకుని, మెత్తటి నడిమి ముక్కలు కొడుక్కి పెట్టింది. తింటూనే అతను ఎడమ చేత్తో సంచీ విప్పి చూపించాడు. పునికి చెక్కతో చేసిన ఆరు కర్రలు, జానెడేసి పొడవు. మూడు ఎర్రవి, మూడు ఆకుపచ్చవి. ఆటకు ఒక జత చాలు, మిగతావి అరిగితే మార్చడానికి. నిర్మల్‌లో బొమ్మలు చేసే బాలమల్లు వాటిని చెక్కుతుంటే నాలుగు రోజులు పక్కనే కూర్చుని, ఎక్కడ సన్నబడాలో, లోపల ఇనుప చువ్వ ఎంత లోతు దిగాలో చెప్పి చేయించుకున్నాడు. పునికి మెత్తది. ఎంతసేపు పట్టుకున్నా అరచెయ్యి కాయదు.

యాదవ్వ ఒక కర్ర తీసుకుని చెంపకు ఆనించి చూసింది. "బొమ్మ లెక్కనే ఉన్నది" అంది. ఆదివారం మరిది రాజం వస్తున్నాడని, ఇద్దరం కలిసి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు వచ్చి ఆట చూస్తామని చెప్పింది.

ఆ కంప్యూటర్ ఆట అతనిదే. కొండల్‌రావు కంప్యూటర్ సెంటర్‌లో పగలు పాఠాలు చెప్పి, సాయంత్రాలు అక్కడి మిషన్ మీదే కూర్చుని పద్నాలుగు నెలలు రాశాడు. ఎడమ చేతి ఎర్ర కర్ర మనిషిని నడిపిస్తుంది. కుడి చేతి ఆకుపచ్చ కర్ర ఎటు వంచితే అటు టోపీ మీది దీపం తిరుగుతుంది, దానితోపాటే నీళ్ల ధార కొడుతుంది. బొగ్గుబాయిలో దారులు వెతుక్కుంటూ, అడ్డమొచ్చిన మంటలను ఆర్పుకుంటూ పోయి, లోపల చిక్కుకున్న ఏడుగురిని పైకి తేవాలి. దగ్గరికి పోతే చాలు, వాళ్లు లేచి వెంట వస్తారు. తొందరపడి ధార మనిషి మీదికి కొడితే అతను కూలిపోతాడు, ఇరవై పాయింట్లు తగ్గుతాయి. చూసి కొట్టాలని పర్శరాములే పెట్టిన నియమం అది.

ఏడుగురి టోపీల మీద ఏడు నంబర్లు. బాయి దిగే ప్రతి మనిషికీ దీపంతోపాటు ఒక నంబరు ఇస్తారు. 417 అతని బాపు రాయమల్లుది. మిగతా ఆరూ అదే షిఫ్టులో, కూలిన అదే కప్పు కింద పోయినవాళ్లవి. ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు, తల్లికి కూడా. ఆదివారం ఆమె ఆ నంబరు చూసి గుర్తుపడుతుందని, వెతికి పైకి తెస్తుందని లోపల్లోపల ఒక ఆశ పెట్టుకున్నాడు.

నాలుగింటికి నుమాయిష్ తెరిచారు. గాజుల దుకాణం పక్కనున్న తమ సెంటర్ స్టాల్ ముందు మునుపెన్నడూ లేనంత మంది నిలబడి ఉన్నారు. వాళ్ల తలల మీదుగా కొత్త బోర్డు కనిపించింది. "దయ్యాల బాయి" అని ఎర్ర అక్షరాలు, వాటి నుంచి కారుతున్నట్టు రంగు చుక్కలు.

అతను గుంపును తప్పించుకుంటూ ముందుకు పోయాడు. తెర మీద తన బాయే ఉంది. కప్పును ఆపే దిమ్మెలు తను గీసినవే, తను గీసిన పట్టాలే. మనుషులు మాత్రం లేరు. వాళ్ల చోట తెల్ల గుడ్డ కప్పుకున్న దయ్యాలు నోళ్లు తెరుచుకుని ఊగుతున్నాయి. నీళ్ల ధార నిప్పు గుండ్లయింది, దారికి అడ్డమొచ్చే మంటలు మాయమయ్యాయి. తలల మీద టోపీలు అలాగే ఉన్నాయి. టోపీల మీద నంబర్లూ అలాగే ఉన్నాయి.

ఆడుతున్న మనిషి పాన్ నములుతున్నాడు. కుడి కర్ర వంచాడు. 388 మీద గుండ్లు పడ్డాయి. దయ్యం ముక్కలైంది, టోపీ గిరగిరా తిరుగుతూ పైకి లేచింది, స్పీకర్లోంచి ఒక మనిషి చచ్చేటప్పుడు పెట్టే కేక వచ్చింది. తెర మూలన ఇరవై పెరిగింది. వెనకున్నవాళ్లు ఈల వేశారు. పాన్ మనిషి పక్కకు తిరిగి ఉమ్మి, మూతి తుడుచుకున్న చెయ్యే మళ్లీ కర్ర మీద వేశాడు.

పర్శరాములుకు సర్వపిండి నూనె వాసన గొంతులోకి వచ్చింది. అతను స్టాల్ వెనక్కి పోయాడు.

కొండల్‌రావు అక్కడే కుర్చీలో కూర్చుని మిరపకాయ బజ్జీ తింటున్నాడు. పెద్ద దొరల కుటుంబం మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, గట్టిగా మాట్లాడడు. హైదరాబాద్ నుంచి తెలిసినవాణ్ని పిలిపించి ఈ నాలుగు రోజుల్లో చేయించానని సంతోషంగా చెప్పాడు. బొమ్మల ఫైళ్లు మార్చారట. పాయింట్ల ఫైల్లో ఇరవై ముందున్న మైనస్ గుర్తు ఒక్కటి తీసేస్తే చాలిందట. కేక తనదేనట. ఇంట్లో స్నానాల గదిలో టేప్‌రికార్డర్ పెట్టుకుని అరిచాడట. ఆ కేక ఒకసారి మెల్లగా చేసి చూపించాడు కూడా.

"నీ ఆట కాడ రెండు నిమిషాలు నిలబడ్డోడు లేడు తమ్మీ. ఇగ చూడు లైను" అన్నాడు.

నంబర్లయినా తీసేద్దామని పర్శరాములు అడిగాడు.

"నంబర్లే అసలు మజా. 'నాలుగువందల పదిహేడు నాది' అనుకుంట పందెం పెట్టుకుంటుండ్రు. తీస్తే ఏమున్నది?"

ఆ నంబరు ఎవరిదో చెప్పడానికి పర్శరాములు నోరు తెరిచాడు. కొండల్‌రావు పెదవి మీద నూనె మెరుస్తోంది. స్టాల్ లోపల మళ్లీ కేక వినిపించింది. ఇప్పుడు బాపు పేరు ఇక్కడ, ఈ బజ్జీల కాగితం పక్కన పెట్టాలా అనిపించింది. నోరు మూసుకున్నాడు.

మిషన్ డబ్బాకు చిన్న తాళం ఉంటుంది. అది తిప్పితే కీబోర్డు పనిచేయదు, కర్రలు మాత్రం పనిచేస్తాయి. జనం మీటలు నొక్కి పాడుచేయకుండా కొండల్‌రావు దాన్ని తిప్పి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

శనివారం నుమాయిష్ పొద్దున్నే తెరిచారు, పర్శరాములు కొత్త కర్రలు బిగించి రోజంతా అక్కడే ఉన్నాడు. ఆట మొదలయ్యే ముందు కర్రలు సరిచేయడం అతని పని. కర్ర అడుగున రేడియోలో శబ్దం పెంచి తగ్గించే కంట్రోళ్లు రెండేసి బిగించాడు. గంట ఆడేసరికి అవి కదిలిపోయి, ఎవరూ ముట్టుకోకుండానే బొమ్మ పక్కకు నడుస్తుంది. పెట్టె మూత తీసి, సన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పి, బొమ్మ నిలబడేదాకా చూసి, మూత పెట్టాలి. తిప్పిన ప్రతిసారీ, ఇప్పుడు వీళ్లకు గురి బాగా కుదురుతుందని గుర్తొచ్చేది. అయినా వంకరగా వదిలేయడానికి చెయ్యి రాలేదు. పని సరిగా చేయడం చేతికి అలవాటైపోయింది.

సాయంత్రానికి కొత్త కర్రలు నల్లబడ్డాయి. బజ్జీల నూనె, పాన్ మరక, చెమట. ఒక కాలేజీ సారు భార్యాపిల్లలతో వచ్చి, ఏడింటినీ వరసగా కొట్టి, రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చివరగా కూలింది 417. పర్శరాములు తల తిప్పుకున్నాడు. కేక మాత్రం చెవిలో పడింది.

పక్క దుకాణంలో గాజులమ్మే మల్లక్క పొద్దుటినుంచీ చూస్తోంది. ఏమీ అడగలేదు. తన టిఫిన్ డబ్బా మూతలో ఇంత అన్నం, పప్పు పెట్టి అతని స్టూలు మీద పెట్టి పోయింది. అతను తినలేకపోయాడు. ఆమె గంట తర్వాత వచ్చి, ఆ అన్నం కుక్కకు వేసి, మూత కడిగి, అందులోనే మజ్జిగ పోసి ఇచ్చింది. అది తాగాడు.

రాత్రి అన్నం దగ్గర తల్లికి చెప్పాడు, మిషన్ పాడైందని, రేపు రావద్దని. రాజం పొద్దున్నే బస్సెక్కుతాడు, ఇప్పుడు చెప్పేదెట్లా అంది ఆమె. పాడైతే పాడైన మిషనే చూస్తామంది.

ఆదివారం అయిదింటికి వాళ్లు వచ్చారు. రాజం బాయి మీద దీపాల గదిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కిటికీలోంచి దీపాలు ఇచ్చి, కిటికీలోంచే తిరిగి తీసుకున్నాడు. మొహాలు తర్వాత, ముందు నంబర్లు. పెండ్లిళ్లలో కూడా మనిషి ఎదురైతే "ఏం రెండువందల పన్నెండూ" అని పలకరించేవాడు. తెల్ల ధోవతి, తువ్వాల, చేతిలో గొడుగు. జనంలో దారి చేసుకుంటూ వస్తున్న ఇద్దరినీ చూసి పర్శరాములు ఎదురు పోయాడు. తర్వాత ఆడదామని, ముందు జెయింట్ వీల్ చూద్దామని అన్నాడు.

"నడుస్తనే ఉన్నది గదా మిషన్" అంది యాదవ్వ.

రాజం అప్పటికే స్టూలు మీద కూర్చున్నాడు. కొండల్‌రావు ముసలాయనకు కర్రలు ఎలా పట్టుకోవాలో మర్యాదగా చూపించాడు. రాజం పది అడుగులు నడిపించి, మొదటి దిమ్మె కింద ఆపేశాడు. దీపం పైకి తిప్పాడు. ఎదురుగా దయ్యం ఊగుతున్నా కదల్లేదు.

"కప్పు తట్టేది ఏ కర్రరా?" అని అడిగాడు.

బాయిలో కొత్త చోటికి పోతే ముందు కప్పును కర్రతో తట్టి చప్పుడు వింటారు. డొల్ల చప్పుడు వస్తే అడుగు పెట్టరు. అది ఈ ఆటలో లేదని పర్శరాములు చెప్పాడు. పద్నాలుగు నెలల్లో అది తనకు తోచలేదు.

"తట్టకుంట ఎట్ల పోతరు?" అన్నాడు రాజం. వెనకనుంచి ఎవరో, ముసలాయన నిద్రపోయిండు, లేపండ్రి అన్నారు. జనం నవ్వారు.

చెయ్యి సడలగానే దీపం ముందుకు తిరిగి, దయ్యం వెలుగులో పడింది. రాజం ముందుకు వంగాడు. వేడి పెనం తగిలినట్టు రెండు చేతులూ కర్రల మీంచి లేచాయి.

"మూడువందల ఎనభై ఎనిమిది. గిది ముత్యంది గదరా." దాని వెనక మలుపులో ఉన్నదాన్ని చూశాడు. "నాలుగువందల రెండు." దూరంగా ఉన్న ఇంకోదాన్ని చూశాడు, ఈసారి నంబరు పైకి చదవలేదు.

"మీ అన్నది ఉన్నదా?" అని అడిగింది యాదవ్వ, అతని వెనక నిలబడి.

రాజం లేచి స్టూలు వదిలాడు. పర్శరాములు తల్లి మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె మెల్లగా విడిపించుకుని కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కుడి చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే ఎర్ర కర్ర మీద వేసింది.

మలుపుమలుపుకూ ఒక దయ్యం ఊగుతోంది. కాల్చమని, ఆకుపచ్చ కర్ర వంచమని జనం అరుస్తున్నారు. ఆమె ఒక్కోదాని దగ్గరికే నడిచింది. 388 ఆమె వెనక చేరింది. 402 చేరింది. హైదరాబాద్ మనిషి బొమ్మలు మార్చాడు, పాయింట్లు మార్చాడు. దగ్గరికి వచ్చినవాళ్లు వెంట నడవాలన్న మాట ప్రోగ్రాం లోపల ఉంది, దాన్ని మార్చడం అతనికి చేతకాలేదు. మూడు రోజుల్లో కాల్చకుండా దగ్గరికి పోయినవాడు ఒక్కడూ లేడు గనక ఎవరికీ తెలియలేదు.

ఎర్ర కర్ర తడబడుతూ తిరిగింది. గోడకు తగిలి, వెనక్కి వచ్చి, పట్టాలు దొరకబుచ్చుకుని పోయింది. ఏడో మలుపులో 417 ఉంది. ఆమె చెయ్యి ఆగింది. నంబరు ఆమెకు తెలుసు. చదువు రాకపోయినా ఆ మూడు అంకెలు తెలుసు. దయ్యం నోరు తెరుచుకుని ఊగుతోంది. ఆమె దాని మీద పడ్డట్టే దగ్గరికి పోయింది. అది ఊగడం ఆపి వెనక చేరింది.

జనం అరుపులు ఎప్పుడు ఆగాయో పర్శరాములుకు తెలియలేదు. ఏడుగురూ వరసగా నడిచి లిఫ్టు దగ్గరికి వచ్చారు. లిఫ్టు పైకి లేచింది. తెర తెల్లగా వెలిగి, నడుమ "స్కోరు 0" అని వచ్చింది.

"అవ్వకు గుండు సున్నా" అని ఎవరో అన్నారు. మల్లక్క తన దుకాణంలోంచే ఆ మనిషి వైపు చూసింది. అతను నవ్వు మింగేశాడు.

కొండల్‌రావు రాజాన్ని పక్కకు తీసుకుని ఏందని అడిగాడు. రాజం చెప్పాడు, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, నంబరుకొక పేరు. కొండల్‌రావు మొహం మారింది. నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. స్వయంగా పోయి తన కుర్చీ తెచ్చి యాదవ్వ పక్కన వేశాడు, చల్లటి సోడా తెప్పించాడు. ఆమె కాళ్ల దగ్గర మోకాలి మీద కూర్చుని, తనకు తెలియదని, తప్పయిందని అన్నాడు. అంతవరకూ మనిషి మంచివాడే.

కళ్లు తుడుచుకోకముందే అతని చూపు జనం మీదికి పోయింది. వాళ్లు కదలకుండా నిలబడి ఉన్నారు. మునుపు లేనంత మంది.

"అవ్వా, నుమాయిష్ ఉన్నన్ని దినాలు, బుధవారం దాకా రోజు సాయంత్రం ఒక్క గంట వచ్చి కూసుంటవా? నువ్వే ఆడు. ఆటో పంపిస్త. గీడ మీ ఆయన ఫోటో పెడదం, పూలదండేసి." రెండు చేతులు గాలిలో పెట్టి ఫోటో ఎంతుండాలో కొలత చూపించాడు. కళ్లలో తడి ఇంకా మెరుస్తూనే ఉంది.

పర్శరాములు ఆ చేతుల మధ్యనున్న గాలిని చూశాడు. యాదవ్వ మాత్రం కొండల్‌రావును చూడటం లేదు. తెరను చూస్తోంది. ముగిసిన ఆట అయిదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే మొదటికి పోతుంది. తెల్ల తెర ఆరిపోయి చీకటి బాయి వచ్చింది. ఏడుగురూ ఎక్కడివాళ్లు అక్కడ, మలుపుకొకరు, ఊగుతున్నారు.

"మల్ల కిందికే పోయిండ్రా?" అని కొడుకును అడిగింది.

ఆట అంతే అవ్వా, అన్నాడు అతను. ఆమె సోడా ముట్టకుండా లేచింది. ఇంటికి పోదామంది.

రాజం బస్టాండుకు పోయాడు. ఇంట్లో యాదవ్వ కాళ్లు కడుక్కుని, గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. పర్శరాములు హైదరాబాద్ మనిషిని, కొండల్‌రావును, పాన్ ఉమ్మినవాణ్ని, చప్పట్లు కొట్టినవాళ్లను వరసగా తిట్టాడు. తను రాసిన ఆటలో దయ్యాలు లేవని, కాల్చడం లేదని, బాపును పైకి తేవడానికే రాశానని చెప్పాడు. ఆమె అంతా విన్నది.

"మీ బాపు పైకి వచ్చిండు కొడుకా. మూడో దినం. తెచ్చి మంచంల పండవెట్టిండ్రు. మొఖం నేనే కడిగిన. చెవులల్ల బొగ్గుపొడి ఉంటే కొంగుతోటి తీసిన." ఆగింది. "వచ్చిన మనిషిని నువ్వెందుకు మల్ల దించినవు?"

అతను ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు.

"ఆ దొర దయ్యాలను జేసిండు, సరే. దించింది నువ్వే గదా. కరెంటు వచ్చినప్పుడల్ల దిగుడేనా ఆయన? ఎవడో పుణ్యాత్ముడు వచ్చి తేవాల్నా?" ఆమె గొంతు పెంచలేదు. "మనాయన మన ఇంటోడు, అనుకుందాం. ముత్యం పెండ్లాన్ని అడిగినవా? ఆ మిగతా అయిదిండ్లోల్లను అడిగినవా?"

మూడు రోజుల కోపం ఆ మాటతో దారి మార్చుకుంది. ధార తగిలితే మనిషి కూలిపోవాలని రాసిన సాయంత్రం అతనికి జ్ఞాపకం వచ్చింది. సరిగా కూలుతున్నాడో లేదో చూడటానికి ఒక్కో నంబరు మీదా కొట్టి చూశాడు. కూలడం బాగా కుదిరిందని సంతోషపడి టీ తాగాడు. ఆ రోజు కొట్టి చూసిన వాటిలో 417 కూడా ఉంది.

సోమవారం మధ్యాహ్నం, నుమాయిష్ తెరవకముందే, అతను స్టాల్‌కు పోయాడు. ఇంట్లో దాచుకున్న తన రెండు ఫ్లాపీలూ జేబులో ఉన్నాయి. కొండల్‌రావు గోడకు మేకు కొట్టించి, ఫోటో తెచ్చావా అని అడిగాడు.

తాళంచెవి ఇయ్యండ్రి అన్నాడు పర్శరాములు. ఎందుకో చెప్పాడు. ఏడుగురినీ తీసేస్తానన్నాడు, హైదరాబాద్ ఫ్లాపీలోంచీ, తన ఫ్లాపీల్లోంచీ. ఇవ్వకపోతే తాళం పగలగొట్టనని, ఇక్కడే జనం ముందు నిలబడి ఏడు పేర్లూ, ఏ నంబరు ఎవరిదో చెబుతూ ఉంటానని అన్నాడు.

కొండల్‌రావు, పద్నాలుగు నెలల పని అది, తనదీ సగం ఆశ అందులో ఉందన్నాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీశాడు. చొక్కా జేబులోంచి హైదరాబాద్ ఫ్లాపీ కూడా తీసి మిషన్ మీద పెట్టాడు.

"తమ్మీ, శుక్రవారమే నాతోని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా. నేను గంత పశువునా?"

పర్శరాములు తాళం తిప్పి కూర్చున్నాడు. ఫైల్లో ఏడు వరసలు. ఒక్కో వరసలో నంబరు, ఏ మలుపులో ఉండాలో ఆ కొలతలు. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కోటి చెరిపాడు. 417 మొదటి వరసలో ఉంది. అక్కడికి వచ్చాక చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టాడు. మూడు ఫ్లాపీల్లోనూ, మిషన్లోనూ అదే పని నాలుగుసార్లు చేశాడు. నాలుగోసారి చెయ్యి ఆగలేదు.

సాయంత్రం ఆట పెట్టారు. ఖాళీ బాయి. ఒకరిద్దరు వచ్చి దీపం తిప్పుకుంటూ చివరిదాకా పోయి, ఏం లేదిందులో అని లేచిపోయారు. ఏడింటికల్లా స్టాల్ ముందు ఎవరూ లేరు. కొండల్‌రావు బోర్డు దింపించాడు. సెంటర్‌కు రేపటినుంచి రావాలో వద్దో తర్వాత కబురు చేస్తానన్నాడు. మల్లక్క, వద్దంటున్నా, యాదవ్వకని రెండు ఆకుపచ్చ గాజులు కాగితంలో చుట్టి ఇచ్చింది. భర్త లేని మనిషి గాజులేసుకోదని అతను అనబోయాడు. తెలుసు, ఎవరికన్నా ఇచ్చుకుంటది తియ్యి అంది మల్లక్క.

ఇంటికి పోయేసరికి యాదవ్వ రొట్టెలు కాల్చి కూర్చుని ఉంది. తీసేశానని చెప్పాడు.

"అందరియా?"

"అందరియి."

ఆమె పళ్లెం పెట్టింది. వంకాయ కూర, జొన్న రొట్టె. మూడు రోజుల తర్వాత అతనికి ఆకలి తెలిసింది. రెండో రొట్టె తుంచుతుంటే, రేపు పొద్దున్నే బస్సుకు పొమ్మంది. రాజాన్ని వెంట తీసుకుని ముందు ముత్యం ఇంటికి, తర్వాత మిగతా అయిదిండ్లకు. వాళ్లకేం తెలియదు గదవ్వా, ఇప్పుడు ఆట కూడా లేదు, ఏమని చెప్పాలె అన్నాడు.

"చేసింది చెప్పు. తిడుతరు. కూసోని తిట్లు పడు. ముత్యం పెండ్లాం చాయ్ పోస్తది, తాగి రా."

ఆమె పళ్లెం కడిగి బోర్లించింది. పక్క వాటాలో ఇంటివాళ్ల కోడలికి రెండు రోజులుగా జ్వరం, ఇప్పుడే కన్నంటుకుందట. తలుపు కిర్రుమనకుండా యాదవ్వ దాన్ని రెండు చేతులతో కొంచెం పైకెత్తి పట్టుకుని, మెల్లగా దగ్గరికి వేసి, గడియ పెట్టింది.